ఖాళీ గీత

పల్లవరం శుక్రవారం సంతలో
విమానాలు తలల మీదుగా దిగుతుంటాయి.
బేరం సగంలో ఆగుతుంది,
నోళ్లు తెరుచుకునే ఉంటాయి,
చప్పుడు దాటాక మళ్లీ అదే రూపాయి దగ్గర మొదలు.

నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చాను.
మిక్సీ జార్లు, కుక్కర్ మూతలు, రెక్క వంగిన ఫ్యాన్లు,
వాటి వెనక అరటిపళ్ల అట్టపెట్టెలో
నిలబెట్టిన రికార్డులు.
ఒక్కోటీ వంచి చూస్తుంటే
వేళ్లకి విభూతిలాంటి దుమ్ము.
భక్తి, భక్తి, పెళ్లి నాదస్వరం,
ఏదో సినిమా కవర్లో ఇంగ్లీషు నేర్పే పాఠాలు.

అడుగున చిన్నదొకటి, నలభై అయిదు తిప్పులది.
లేబుల్ ఎవరో గోటితో గీకేశారు.
మిగిలింది రెండక్షరాలు, "లుగు".
"తెలుంగా?" అన్నాడు సెల్వరంగం,
"ఎవరూ కొనరు. ముప్పై ఇచ్చి తీసుకుపో."
నేను తెలుగువాణ్ణని చెప్పలేదు.
చెబితే యాభై అంటాడు.

క్రోంపేటలో నా గది.
కుంకుడు నురగతో కడిగి, పాత బనీనుతో ఒత్తి,
కిటికీ ఊచకి ఆనించాను.
ఎండలో చూస్తే ఒక వైపు నేరేడుపండు నిగనిగ,
రెండో వైపు తుడిచి తుడిచి వదిలేసిన పలక.

నిగనిగలాడే వైపు ముందు పెట్టాను.
పాట బాగాలేదు. అంతే.

అరిగిన వైపు,
నూనెలో ఆవాలు పడ్డట్టు చిటపట,
దాని వెనక, చాలా వెనక,
వంటింట్లోంచి ముందుగదిలోకి రావాలా వద్దా అని
ఆలోచిస్తున్న ఆడగొంతు.

కవరు లోపలి కాగితం మీద పెన్సిలు రాత.
తమిళ లిపి.
కూడబలుక్కుని చదివితే తెలుగు!
పాటంతా, విన్నది విన్నట్టు.
కింద మూల, తైయల్‌నాయకి, 1969.

ఆ లిపిలో క, గ ఒక్కటే.
ఆమె రాసింది గాలియో, కాలియో,
వాళ్ల చదువులో ఖాళీయో.
గడప రాస్తే కడప అయి కూర్చుంది.
పాట అనుకుంటే బాట.
భాష రాని మనిషి
చీకట్లో చెయ్యి పట్టుకుని మెట్లు దిగినట్టు
అక్షరం తర్వాత అక్షరం దిగింది.

రెండో చరణంలో నాలుగో మాట దగ్గర ఆగింది.
అక్కడ ఒక ఖాళీ గీత.
పక్కన ప్రశ్నార్థకం, రబ్బరుతో చెరిపి
మళ్లీ పెట్టిన ప్రశ్నార్థకం.

రికార్డుని వాలుగా వెలుతురుకి పట్టుకున్నాను.
సరిగ్గా అక్కడ, పావంగుళం మేర,
సూదిపొడుపులు. పది కాదు, యాభై కాదు.
ముల్లెత్తి దించి, ఎత్తి దించి,
ఆ ఒక్క మాట కోసం.
తైయల్ అంటే తమిళంలో కుట్టు.

ఎవర్నైనా అడగొచ్చు కదా తల్లీ.
ఈ ఊళ్లో తెలుగువాళ్లకి కరువా,
చింతాద్రిపేటలో ఏ తలుపు కొట్టినా
కాఫీ ఇచ్చి మరీ చెప్పేవాళ్లు.
అడగలేదంటే, అడగలేని పాటేమో.
లేబుల్ గీకిన గోరు నీదో, ఇంకెవరిదో.
నాకు తెలియదు. కథ అల్లను.

ఇప్పుడు తెలుగొచ్చినవాణ్ణి వింటున్నాను.
గాలే. గడపే. దాటి,
ఆపైన ఆ గొంతు చిటపటల్లో మునిగి
మాట అవతల తేలుతుంది, జుట్టు తడిసి.
వినీ వినీ అరగదీసేసింది.
నాకు వినపడ్డానికేం మిగల్చలేదు.

తాళం లెక్కన మూడక్షరాలు పట్టాలి.
"వెన్నెల" పెట్టి చూశాను.
"వేళకు" పెట్టి చూశాను.
మా అమ్మ రోజుకి నాలుగుసార్లనే "నిబ్బరం" కూడా.
ఏదీ ఇమడలేదు.
పెన్సిలు పక్కన పెట్టేశాను.

పైన విమానం. కిటికీ అద్దం గలగల.
అది దాటేదాకా ఆగి
ముల్లెత్తి
మళ్లీ అక్కడే దించాను,
ఇంకాస్త అరుగుతుందని తెలిసే.