లెవెల్ పైపు

దీవెనా, ఆ కొస నువ్వు పట్టుకో.
ఈ కొస నేను పడతాను.
మధ్యలో యాభై అడుగుల తెల్ల పైపు,
అందులో రేవులో ముంచిన నీళ్ళు.
బుడగ కనిపిస్తే చెప్పు.
బుడగ ఉంటే నీళ్ళు కూడా అబద్ధమాడతాయి.

పొద్దున్న పంటు దిగి
చెప్పులు చేత్తో పట్టుకుని ఇసకలో నడిచొచ్చాం.
కాంట్రాక్టరు భద్రంగారు ఎదురొచ్చి,
నిన్ను దాటి, నన్ను దాటి,
మన డ్రైవరు పోలయ్యని అడిగాడు:
"ప్లాను తెచ్చారా ఇంజినీరుగారూ?"
పోలయ్య సిగ్గుపడి నీ వైపు చెయ్యి చూపించాడు.
నువ్వు నవ్వేశావు.
ఆ నవ్వు నాకు తెలుసు.
ఇరవై రెండేళ్ళు టిఫిను డబ్బాతో పాటు
దాన్ని కూడా ఆఫీసుకి మోసుకెళ్ళాను.

కాకినాడలో నా మొదటి డ్రాయింగు, కూరగాయల మార్కెట్టు.
అంచున పెన్సిలుతో రాశాను:
ఈ కోడు పూడ్చకూడదు.
పెద్దాయన రబ్బరుతో తుడిచి
పొట్టు ఊదేసి అన్నాడు,
"అమ్మాయి దస్తూరి బాగుంది, టైటిళ్ళు రాయించండి."
నాలుగేళ్ళు టైటిళ్ళు రాశాను.
ఇప్పటికీ ముసురు పట్టిందంటే
ఆ మార్కెట్లో మోకాలి లోతు నీళ్ళు,
వాటి మీద వంకాయలు.
నేను చెప్పిందే జరిగిందని
ఒక్కసారైనా సంతోషం కలగలేదు.

ఇక్కడా అదే మాట.
"అంత మెరకెందుకమ్మా, నాలుగడుగులు చాలు.
ఆ బుల్లి కోడు కప్పేస్తే
పిల్లలకి ఆటస్థలం కలిసొస్తుంది.
ముందువైపు అద్దాలు పెడదాం, సిటీలో లాగా."
నువ్వు గీసిన లోతైన వరండాని,
పైరగాలికి తెరిచిన కిటికీలని
బొటనవేలితో కప్పేశాడు.

సిమెంటు బొచ్చె దించి పల్లాలమ్మ అంది,
ఎవరూ అడగలేదు, అయినా అంది:
"ఎనభయ్యారులో ఎర్రనీరు ఎందాకొచ్చిందో
ఆ కొబ్బరి కొట్టు గోడనడగండి."

వెళ్ళి చూశాం.
గీత లేదు, అంకె లేదు.
ఒక ఎత్తు దాకా సున్నం పట్టదంతే,
ఎన్నిసార్లు వేసినా పెచ్చులూడుతుంది.
"మా మామ్మ నన్ను దూలమ్మీద కూచోబెట్టింది.
మేకపిల్లని నా ఒళ్ళో పెట్టింది.
ఆవిడికి చోటు లేదు."
అక్కడితో ఆగి
మళ్ళీ బొచ్చె ఎత్తుకుంది.

అందుకే ఈ పైపు.
నా కొస గోడ దగ్గర, నీ కొస మేకు దగ్గర.
ఆగనీ. ఊగుతోంది. ఇంకా.
ఆఁ, ఇప్పుడు గీయి.

మూరెడు తక్కువ.

భద్రంగారు ఒప్పుకోలేదు.
పైపు ఆయన చేతికిచ్చాం.
నీళ్ళు ఆయన్ని గుర్తుపట్టలేదు,
అక్కడే నిలబడ్డాయి.

మధ్యాహ్నం నువ్వు ఇంకోటి గమనించావు.
నేను ఇన్ని సైట్లు తిరిగీ గమనించనిది,
కాదు, గమనించి
నాక్కూడా అంతే కదా అని ఊరుకున్నది.
ఏడుగురు ఆడకూలీలు.
చుట్టూ గోదారి.
పొద్దుగూకే దాకా ఒక్కరూ గుక్కెడు తాగరు.
వెళ్ళడానికి చాటు లేదు గనక.

నువ్వు షీటు విప్పి
కోడుకి దూరంగా, గట్టు నేల మీద
చిన్న చదరం గీశావు, తలుపుతో సహా.
"మేడమ్, బడి కన్నా ముందు ఇది కట్టాలి.
మొదటి షీట్లో పెట్టొచ్చా?"
పెట్టు.
పెన్సిలొద్దు, ఇదిగో పెన్ను.
గీసినవారు అన్న గడిలో నీ పేరు రాయి,
పొట్టి అక్షరాలు కాదు, పూర్తి పేరు.
వరద మట్టం చెప్పినవారు అని
మన షీట్లో గడి లేదు కదూ?
ఒకటి గీయి. ఆవిడ ఇంటిపేరు కనుక్కో.

రేపు ఆఫీసులో గొడవవుతుంది.
ఖర్చంటారు, మూరెడు మట్టి ఎంతో లెక్కగడతారు.
నీ పక్క కుర్చీలో నేనుంటాను.
గొంతు నీదే. ఒణికితే ఒణకనీ.

ఆఖరి పంటు కూత వేస్తోంది.
పైపు చుట్టెయ్యి.
నీళ్ళు ఇసకలో పారబొయ్యకు,
ఆ కోడులో ఒంపు.
ఇంకా ఉంది కదా అది.