నారుకు ఎండ చూపెట్టుడు

నర్సంపేట రోడ్డు మీద, రైసుమిల్లు దాటినంక
ఆకుపచ్చ వల కింద చిన్న నర్సరీ.
పొద్దుగాల ఆరింటికే సాంబలక్ష్మి
కొత్త చీపురు పట్టుకొని లోపలికొస్తది.
ఊడ్వడానికి కాదు.
ట్రేలల్ల నిలబడ్డ మిర్చి నారు నెత్తుల మీద
ఇటునుంచి అటు, అటునుంచి ఇటు
చీపురు కొసలతోని మెల్లగ నిమురుతది.
నారు వంగుతది, లేస్తది.
ముప్పై రోజుల పసిదానికి
గాలంటే ఏందో
మొదలు చీపురే చెప్తది.

నిరుడు నేనే ఇంటికాడ నారు పోసుకున్న.
ప్రేమెక్కువై పొద్దూమాపూ నీళ్ళు పోసిన.
ఎండ తగులొద్దని అమ్మ పాత చీర కప్పిన.
జానెడు పొడుగు, సూదంత సన్నం,
చూసినోళ్ళు ఆగి మెచ్చుకునేంత నిగనిగ.
చెల్కల నాటిన మూడోనాడు
గాలివాన. పెద్దదేం కాదు,
పెంకులు కూడ కదల్లే.
పొద్దున పోయి చూస్తే
సాళ్ళు సాళ్ళే సాగిలపడి మొక్కుతున్నయి.

అందుకే ఈయేడు కొననొచ్చిన.
"అక్కా, ఇయ్యాల నీళ్ళు పెట్టలే?"
"నాలుగు రోజులాయె తగ్గించి.
పోయే ముందర జరంత ఎండ చూపెట్టాలె."

పన్నెండింటికి నిజంగనే వల చుట్టి పక్కకు పెట్టింది.
భాద్రపదం ఎండ,
మబ్బు పగిలి నెత్తిన పడే ఎండ.
ఒంటిగంటకల్ల ఆకులన్నీ చెవులు వాల్చినయి.
నాకు కడుపుల చెయ్యిపెట్టి దేవినట్టాయె.
డ్రమ్ముల నీళ్ళున్నయి, మీద మగ్గున్నది,
నాకు తెల్వకుండనే చెయ్యి అటు పోయింది.
"ముట్టకు" అన్నది, అరవకుండ.
"లోపల పనైతున్నది."

ఏం పనో చెప్పలే. నేనే అనుకున్న:
చీకట్ల తడుముకుంట తడుముకుంట
వేరు ఇంకో వెంట్రుకంత పాకుతుండొచ్చు.
ఆకు కంటికానని నోళ్ళు మూసుకొని
ఉన్న తడిని దాసుకునుడు నేర్సుకుంటుండొచ్చు.
ఎప్పుడో మాఘంల, ఎనుమాముల మార్కెట్ల
బస్తా విప్పంగనే అందరినీ తుమ్మించే కారం
ఈ దూప కాడ్నే మొదలైతదో ఏమో.

నాలుగింటికి తడిసీ తడవనట్టు చిలకరించింది.
పొద్దు గూకక ముందే చెవులు లేచినయి.

నాలుగక్షరాలు చదివినోణ్ణి, ఊకుంటనా?
"మనుషులూ ఇంతేనక్కా,
కష్టాలు పడితెనే గట్టిపడుతరు" అన్న.

సాంబలక్ష్మి నా మొకం దిక్కు చూసింది.
మాట్లాడకుండ షెడ్డు వెనక్కి తీస్కపోయి
ఇటుకల మీదున్న ఒక ట్రే చూపెట్టింది.
మొన్న బిడ్డకు డెంగీ అయితే
ఐదు రోజులు ఎంజీఎంల వరండాల పండుకున్నదట.
పనికొచ్చే పిల్ల ఈ ఒక్కటి బయటపెట్టి మరిచింది.
తొంభైఎనిమిది గుంతలు. గుంతకో పుల్ల.
ఒకటి గిల్లింది. టిక్కుమన్నది.
"ఇదీ గట్టిపడ్డదే తమ్మీ."

ట్రేలు ఆటోల పేర్సుకుంట
ఎందుకో మొండయ్య మామ యాదికొచ్చిండు.
ఎనిమిదేండ్లప్పుడు నన్ను మోటబాయిల నూకిండు.
ముక్కులకు నీళ్ళెక్కి, చెవులు గుయ్యిమని
సచ్చిననే అనుకున్న.
ఇన్నేండ్లూ ఆ నూకుడే చెప్పుకుంటొచ్చిన,
పెండ్లిళ్ళల్ల, స్టాఫ్‌రూముల, నా పోరగాండ్లకు:
గట్ల నూకితెనే నాకు ఈత వచ్చిందని.
నా నడుముకు ఆయన తువ్వాల కట్టి ఉన్నదని,
గట్టు మీద బోర్లవండి
దాని ఇంకో కొస పిడికిట్ల పట్టుకున్నడని
ఒక్కనాడూ చెప్పలే.

ఆటో కదిలింది.
నారంతా ఒక్కపాలి వెనక్కి వంగి, లేచింది.
వల దించుకుంటనే సాంబలక్ష్మి కేకేసింది:
"నాటిన నాడు మాత్రం
కడుపునిండ నీళ్ళు పెట్టు, మర్వకు!"