రెండో నంబరు రిమోటు

సంతపేటలో మామిడికాయల మండీ పైన
ఇనప మెట్లెక్కితే చెంగల్రాయులన్న వీడియో గేముల రూము.
గంటకు నాలుగు రూపాయలు.
చెప్పులు బయట ఇడవల్ల, చేతులు కడుక్కోని రావల్ల.
కడుక్కున్నా కడుక్కోకపోయినా
మే నెలంతా ఆ బటన్లకు తోతాపురి రసమే.
దుమికే బటను నొక్కితే లోపలికి పోయింది పోయినట్టే,
బొమ్మ దుముకుతానే ఉంటాది,
పిలకాయలు కొట్టుకుంటానే ఉంటారు.

మద్రాసు బర్మాబజారు నుంచి
గోతాంలో చుట్టి బస్సులో తెచ్చేటోడు ఆ రిమోట్లు.
యాడ చేసినారో, ఎవురు చేసినారో,
చేసినోళ్లకు అసలు చేతులుండాయో లేదో.
మూడు కొమ్ములది ఒకటి వచ్చింది ఒక ఏడు.
రెండు పట్టుకుంటే మూడోది కడుపులో పొడుస్తాది.
"మూడో చెయ్యి మీ ఆడమనిషిని అడిగి తీసుకురాన్నా" అన్నాడు మస్తాను,
అన్నకు పెండ్లి కాలేదని తెలిసి తెలిసీ.

ఇంకోటి గ్లౌజు. మోచేతి దాకా తొడగల్ల.
ఏలు మడిస్తే కారు తిరుగుతాదంట.
మడిస్తే తిరగలా. మడవకుంటే తిరిగింది.
మా దయాకరన్న చెయ్యి
ఉడకేసిన చెనక్కాయ మాదిరి ముడతలు పడి బయటికొచ్చింది.
తర్వాత దాంతో టీ గిన్నె దించుకునేటోళ్లు.
ఆ పనికి బాగుండింది, అబద్ధం చెప్పకూడదు.

తుపాకి ఒకటి.
టీవీలో బాతును కాలిస్తే తగల్లా,
ట్యూబులైటును కాలిస్తే బాతు పడింది.

ఆఖరికి చెంగల్రాయులన్నే ఒకటి తయారు చేసినాడు,
సబ్బుపెట్టె, నాలుగు కాలింగ్ బెల్లు స్విచ్చులు.
ఎడమకు పోతే రొంత షాకు.
అందరం కుడికే పోయినాం ఆ వారమంతా.

ఇవన్నీ ఒక ఎత్తు.
అన్నిటికన్నా అధ్వాన్నం ఏదంటే రెండో నంబరు.
బూడిద రంగు. మెత్తటి బటన్లు.
ఒక్కటంటే ఒక్కసారి ఇరుక్కోలా.
"ఆడపిల్లవని మంచిది నీకిచ్చినా మే" అన్నాడు దయాకరన్న.
"బొమ్మ ఒకటే, నేను నడిపిస్తా, నువ్వు దుమికించు."
నాకు సగం రేటు, రెండు రూపాయలు.
రెండు ఎండాకాలాలు దుమికించినా.
నేను ఆలస్యంగా నొక్కినా అది ముందే దుమికేది.
నా మనసు కనుక్కునిందని
రాత్రి మిద్దె మీద పండుకోని మురిసిపోయినా.

ఒకరోజు కరెంటు పోయింది.
చీకట్లో చిల్లర దొర్లింది, ఎతకతా
వైరు చేతికి తగిలితే దాన్నే పట్టుకోని పోయినా.
బల్ల కిందికి, టీవీ ఎనక్కి,
గోడ మూలకి.
చక్కగా చుట్టి రబ్బరుబ్యాండు ఏసి పెట్టుండాది.
కత్తిరించిన కొస. దాని మీద బూజు.

కరెంటొచ్చింది. ఆడు మే అన్నాడు. గమ్మున ఆడినా.
బొమ్మ గుంటలో పడింది.
"అంతా నీ వల్లే" అన్నాడు.
తిట్లకు వైరు అక్కర్లేదని ఆ పొద్దు తెలిసింది.
చెంగల్రాయులన్న
నా రెండు రూపాయలు లెక్కపెట్టుకోని డబ్బాలో ఏసినాడు.

ఇప్పుడు గుజ్జు ఫ్యాక్టరీలో
మూడో లైను ప్యానెలు నాది.
నలభై బటన్లు, అన్నీ మామిడి వాసనే.
పుట్టగొడుగు మాదిరి ఎర్రది ఒకటి, మిషను ఆపేదానికి.
సీజన్లో ప్రతి షిఫ్టుకూ ముందు
ఆ ఎర్ర బటను కాడ మొదలుపెట్టి
వైరును చేత్తో తడుముకుంటా పోతా,
గోడ ఎంబడి, ఆవిరి పైపు కింద, జల్లెడ దాకా.
కొత్తగా వచ్చిన ఇంజనీరు నవ్వుతాడు,
"డయాగ్రాం ఉంది కదా మేడం."

ఉండనీ నాయనా.
టెంకలు ఇరుక్కుంటే
లోపల చెయ్యి పెట్టేది కుప్పమ్మ.