మాధవాయిపాలెం రేవు దగ్గర, అప్‌డేట్ మర్నాడు

పోటుకి కాలవలోకి ఉప్పునీరు ఎక్కినట్టు
రాత్రి ఎప్పుడో ఎక్కింది అది,
ఎవరి గుమ్మమూ తట్టకుండా.

షట్టరెత్తేసరికి కొట్టు ముందు పదకొండు మంది.
మొదటి పంటు ఇంకా సఖినేటిపల్లి వైపే ఉంది.

"పచ్చ బొత్తం నొక్కితే ఫోనెత్తట్లేదు, జరపాలిట!
తాటిచెట్లెక్కిన చేతులండీ ఇవి, అద్దానికి ఆనవు" అని
గంగరాజు అరచెయ్యి నా మొహం మీదకి పెట్టేడు.
ఆ కాయల్ని ఏ ఫోనూ వేలనుకోదు, నిజమే.
ఇంటరు చదివే ప్రసూన అంది కదా,
"గడియారం చూడండి మావయ్యా,
చవితి చంద్రుడిలా ఎంత బాగుందో!"
ఆయన చాలాసేపు చూశాడు.
"బానే ఉంది. టైమెంతయిందంటావ్?"

రొయ్యల చెరువు కాపలా ఏసుబాబుకి మాట పెగల్లేదు.
మూడింటికి మోగాల్సిన అలారం
కొత్తగా మర్యాద నేర్చుకుని
పడుకున్నవాణ్ణి లేపకూడదని ఊరుకుందిట.
ఏరియేటరు ఆగిన చెరువులో రొయ్య పైకి తేలిపోయింది.
కుక్క మొరిగి లేపబట్టి సగం దక్కింది.
"కుక్కకి అప్‌డేట్లు రావు కదండీ" అన్నారెవరో.
నవ్వొచ్చో లేదో తెలీక
అందరం పంటు వైపు చూశాం.

టికెట్ల భద్రయ్య మాత్రం పొంగిపోయేడు,
అక్షరాలు గారెలంత అయ్యాయని,
కళ్ళజోడు జేబులో పడేశానని.
మధ్యాహ్నానికే ఛార్జింగు అయిపోయి
ఆయనే మళ్ళీ వచ్చి తిట్టిపోశాడు, అది వేరే సంగతి.

ఇక్కడ జరపండి, అక్కడ ఆపండి అని
తెలిసింది చెప్పాను.
తెలియనిదీ తెలిసినట్టే చెప్పాను.
తొమ్మిదేళ్ళుగా కొట్టు నడుపుతున్నవాడికి
అదేమంత కష్టం కాదు.

పదింటికి వీరవేణి వచ్చింది.
చంకలో లేసు సంచి, ముడిలో గుచ్చిన అల్లిక సూది.
ఆమెకి చదువు రాదు.
ఏజెంటు పెట్టే మెసేజీలు
నాలుగేళ్ళుగా నేనే చదివి వినిపించేది.

"ఇప్పుడిదే చదువుతోంది" అంది.
ఫోను బల్ల మీద పెట్టి వేలు ఆనించింది.
ఏ ఊరిదీ కాని ఆడగొంతొకటి,
ఒత్తులు కూడా తప్పుపోని గొంతు,
పాతవన్నీ ఒక్కొక్కటే తిరగేసింది.
"ముక్క మురికిగా ఉంది. డజనుకి ఇరవై కోస్తున్నా."
"నీలాంటోళ్ళు వంద మంది దొరుకుతారు."
"చేతకాకపోతే సూది పారెయ్."

నేను చదివినప్పుడవి
"ఇంకాస్త తెల్లగా ఉండాలమ్మా" అని ఉండేవి.
"ఈసారి గిరాకీ లేదు, ఏమనుకోకు" అని ఉండేవి.
ఒకదాని చివర "ఆరోగ్యం జాగ్రత్త" అని కూడా ఉంది,
అది పూర్తిగా నా సొంతం.

ముళ్ళేరి చేపముక్క పెడుతున్నాననుకున్నాను.

వీరవేణి అరవలేదు.
గల్లాపెట్టె మీద పడిన దారప్పోగు తీసి
వేలికి చుట్టుకుంటూ అంది:
"ఉన్నదున్నట్టు చదివుంటే
ఆ మొదటేడే ఆడి సంచి ఆడి మొహాన కొట్టేదాన్ని కదయ్యా."

తర్వాత మైకు గుర్తెక్కడో చూపించమంది.
చూపించాను.
నా ఎదుట మాట్లాడలేదు.
బొండాల బండి పక్కకి వెళ్ళి
ఫోను నోటి దగ్గర పెట్టుకుని చాలాసేపు చెప్పింది.
పంటు ఇంజను చప్పుడులో
నా దాకా వచ్చింది ఒక్క ముక్కే,
ఏజెంటుతో అన్నదో, ఫోనుతో అన్నదో:
"నేనన్నది అన్నట్టు రాయి."

తిరిగొచ్చి పగిలిన స్క్రీన్‌గార్డు మార్చమంది.
మార్చాను, బుడగలు లేకుండా, రెండుసార్లు తుడిచి.
"యాభై ఇవ్వు చాల్లే" అన్నాను.

"ధర ఎంత?"

"డెబ్బై."

లెక్కపెట్టి బల్ల మీద పెట్టింది.