నాలుగూ పదికి

బుడాపెస్ట్‌లో నాలుగో అంతస్తు వాటా అమ్మేసి
వెలెంట్సె సరస్సు ఒడ్డున రెండు గదులు కొనుక్కున్నాను.
రైల్లో గంట దూరమే,
వస్తూ పోతూ ఉంటానని అందరికీ చెప్పాను.

ఇరవై ఆరేళ్లు ట్రామ్ నడిపిన ఒళ్లు ఇది.
ఇప్పటికీ నాలుగూ పదికే మెలకువ.
ఎడమ చెయ్యి దుప్పటి కింద
లేని పిడి కోసం తడుముతుంది.

పక్కింటి గెల్లేర్ట్ చలికాలమంతా
గడ్డకట్టిన నీటి మీద రెల్లు కోస్తాడు.
మొదటిరోజు మిరపపొడి సీసా చేతిలో పెట్టి
"ఎన్నాళ్లుంటారు?" అన్నాడు.
జవాబు నాకే తెలియక
పొయ్యి ఎలా రాజెయ్యాలో అడిగాను.

ఊరు ముచ్చటైనదే, కాదనను.
పడవల రేవు, పసుపు రంగు చర్చి,
మూడోసారికే నా పేరు పట్టేసిన బేకరీ పిల్ల.
అయినా ఆదివారాలు స్టేషన్‌కి వెళ్లి
కాసేపు బల్ల మీద కూర్చుని
రైలెక్కకుండా తిరిగొచ్చేదాన్ని.

ఇవాళ ఇంకా చీకటుండగానే
సరస్సు మీంచి అడవి బాతులు లేచాయి.
కనిపించలేదు, వినిపించాయి,
వందల రెక్కలు ఒక్కసారిగా,
గంట కొట్టకుండా.
గడియారం చూశాను:
నాలుగూ ఇరవై రెండు.

పన్నెండు నిమిషాలు ఆలస్యం.
ఎవరి మీద రాయను ఫిర్యాదు?
దుప్పటి మళ్లీ మీదికి లాక్కున్నాను.