పావు చుట్టు

పద్నాలుగేళ్లుగా కువైట్‌లో నా పని చల్లదనం.
చల్లగా రావట్లేదని ఫోన్ చేస్తారు,
నేను పోతే వస్తుంది. అంతే.

జనవరిలో ఒక రాత్రి ఫోర్‌మన్ లేపి
"సల్వాలో ఒక ఇంట్లో గోడలకు ఇనుప పెట్టెలున్నాయంట,
చల్లగా ఉన్నాయంట, పోయి చూడు" అన్నాడు.
చల్లగా ఉంటే ఇంక కంప్లయింటేందని
వ్యాన్లో ఒక్కణ్ణే నవ్వుకున్నా.

ముసలి బాబా ఎప్పుడో చలిదేశంలో చదువుకున్నాడట.
పట్టాతో పాటు తెచ్చుకున్నాడు
పదకొండు తెల్ల రేడియేటర్లు.
ఏడాదికి నలభై రోజుల ముచ్చటకు
గోడల నిండా రాగి పైపులు.
బయట ఉత్తరపు గాలి ఇసకతో కిటికీలు గీరుతుంటే
రెండు కంబళ్ల కింద కూచుని ఆయన
తన పడుచుతనం రిపేరుకొచ్చిందని
చెప్తున్నట్టే చెప్పాడు.

బాయిలర్ మూత జారి వేలి మీద పడితే
"అబ్బా!" అన్నా.
"తెలుగోళ్లాండీ?" అని వెనక నుంచి గొంతు.
నూకరత్నం. రాజోలు దగ్గరట.
చేతిలో పాత తువ్వాలు, కాళ్లకు మగవాళ్ల మేజోళ్లు.

అరచెయ్యి పెట్టి చూస్తూ పోయాను.
కింద వెచ్చన, పైన చల్లన అయితే గాలి పట్టినట్టు.
పైన వెచ్చన, కింద చల్లన అయితే మడ్డి దిగినట్టు.
నిలువునా చల్లనైతే
దారే మూసుకుపోయినట్టు.

చిటికెన వేలంత ఇత్తడి తాళంచెవి
బాబా సొరుగులో బీపీ మాత్రల మధ్య దొరికింది.
పావు చుట్టు. అంతకు మించి తిప్పకూడదు.
స్‌స్‌స్‌స్...
ఏ ఏడాది గాలో, ఇనుము నాకిన వాసన.
అది అయిపోయి నల్లనీళ్లు తుప్పుక్కున ఉమ్మేదాకా
నూకరత్నం తువ్వాలు పట్టి నిలబడింది.
ఒకటి, రెండు, అయిదు, పది.
హాల్లో బాబా కంబళి ఒకటి తీసేశాడు.

"పదకొండోది యాడుంది?"
"మిద్దెమీద, నా గదిలోనండి. అదెప్పుడూ అంతేనండి."

నీళ్ల ట్యాంకు పక్కన గది.
రేడియేటర్ మీద వరసగా ఉల్లిపాయలు.
చల్లగా ఉంటదని, మొలకెత్తవని,
మూడు చలికాలాలుగా అక్కడే పరుస్తోందట.

గాలి లేదు. మడ్డి లేదు.
కింద ప్లాస్టిక్ మూత ఊడదీశా.
వాల్వు మొన కడదాకా బిగించి ఉంది.
తుప్పు కాదది.
ఇత్తడి మీద స్పానర్ పళ్ల గాట్లు.

ఎవరని అడగలేదు.
అడగడానికి నాకు నోరేదీ?
ఫోర్‌మన్ చెప్తే ఎన్ని ఇళ్లల్లో
పనోళ్ల గదికి పోయే ఏసీ దారికి
ప్లైవుడ్ ముక్క కొట్టొచ్చానో, నాలుగు స్క్రూలతో,
ఆగస్టులో.
బిల్లులో రాసేవాళ్లం, గాలి సర్దుబాటు అని.

పావు చుట్టు తిప్పా. ఇంకో పావు.
అంత మాత్రాన నీళ్లు పైకి రావు.
దగ్గరున్నవే తాగేస్తాయి ముందు.
దిగిపోయి హాల్లో రెండింటిని
వెంట్రుకవాసి బిగించొచ్చా.
బాబాకు తెలియనంత.

గోడలో ఎక్కడో టక్. మళ్లీ టక్ టక్.
ఎవరో చెప్పులేసుకుని మెట్లెక్కుతున్నట్టు.
నూకరత్నం చెయ్యి పెట్టింది,
వెంటనే తీసింది, మళ్లీ పెట్టింది.
ఏడుస్తుందేమోనని నేను సామాన్లు సర్దుకుంటుంటే
"అయితే ఇప్పుడీ ఉల్లిపాయలెక్కడ పెట్టుకోనండీ?" అంది
నిజంగానే కోపంగా.

ఒక్కొక్కటీ ఏరి బుట్టలో వేసింది.
మామా రేపు మెట్లెక్కి వస్తుందో రాదో,
చెయ్యి పెట్టి చూస్తుందో లేదో.
మూత ఎట్లా ఊడుతుందో, ఎటు తిప్పాలో
నూకరత్నానికి రెండుసార్లు చూపించా.

ఎనిమిదో నంబరు స్పానర్ ఒకటి
ఆ ఉల్లిపాయల్లో పోగొట్టుకున్నా.
జీతంలో కోస్తారు,
ముప్పావు దీనారు.