సీలు తియ్యని డబ్బా

మెట్ల కింద అర్ర ఊడుస్తుంటే దొరికింది,
పాత పెయింట్ డబ్బాల వెనక, సంపు మోటర్ పక్కన,
తొమ్మిదివందల మిల్లీలీటర్ల ఇంజన్ ఆయిల్.
మూత చుట్టూ ప్లాస్టిక్ పట్టీ తెగలేదు.
తడిగుడ్డతో తుడిస్తే
రెండువేల పదమూడు, జూన్, అని తేలింది.

వారాసిగూడ నుంచి మెట్టుగూడ దాకా
సంచిలో పెట్టుకొని నడిచాను.
జంగయ్య షెడ్డులో ఎవరిదో బుల్లెట్
పేగులు బయటపెట్టుకొని పడుంది.
అతను చేతులు ప్యాంటుకు తుడుచుకొని
డబ్బాను చెవి దగ్గర పెట్టి ఊపాడు,
పుచ్చకాయ కొనేవాడిలా.
తలకిందులు చేసి, ఎండకు పట్టి,
అడుగున ఏముందో చూశాడు.

"ఐదేండ్లు మేడమ్. సీలు తియ్యకపోయినా ఐదేండ్లే."

"భూమిలో కోట్ల ఏండ్లు పడున్నది
డబ్బాలో ఐదేండ్లకే పాడైతదా?"

పాయింటే, అని నవ్వాడు.
"నూనె గట్లనే ఉంటది. అండ్ల కలిపిన మందులున్నయే,
అవి అలిగి అడుగుకు పోతయ్.
ఎండకాలం డబ్బా ఉబ్బుతది, వానకాలం ముడుచుకుంటది,
మూత సందులకెళ్ళి తడి తాగుతది.
మనకు సీలు కనవడ్తది గని
గాలికి సందు కనవడ్తది.
అయినా, ఏ బండికి మేడమ్ ఇది?"

బండి లేదు.
ఉండేది. బూడిదరంగు స్కూటీ, నాదీ జయశీలదీ.
చెరిసగం వేసి కొన్నాం.
పోను తను నడిపేది, రాను నేను.
నాంపల్లి ఆఫీసు దాకా ఒకే హెల్మెట్, రెండు టిఫిన్లు.
ఒక డబ్బా కొంటే ఇంకోటి సగం ధరకని
రాణీగంజ్‌లో బేరమాడింది కూడా తనే.
మొదటిది ఆ ఆదివారమే పోయించాం.
రెండోది వచ్చే సర్వీసింగుకని దాచాం.

ఆ సర్వీసింగు రాలేదు.
ఎందుకో చెబితే మరీ చిన్నదిగా ఉంటుంది:
ఒక సెలవు చీటీ,
దాని మీద నేను పెట్టని సంతకం.
బండి అమ్మాం. పదహారువేలు, చెరి ఎనిమిది.
హెల్మెట్ తను వద్దంది.
ఆయిల్ డబ్బాను పంచుకోవాలంటే మాత్రం
సీలు తియ్యాలి కదా,
ఇద్దరిలో ఎవరం తియ్యలేదు.

ఇదంతా జంగయ్యకు చెప్పలేదు.
"అమ్మేసినం" అన్నాను.

"ఇంజన్ల మాత్రం పొయ్యద్దు.
ఇప్పటి బండ్లకు ఇప్పటి నంబర్ల నూనెలే.
అట్లని మోరీల పారబొయ్యద్దు, పాపం తగుల్తది.
గేట్ల బందులకు, షట్టర్లకు బంగారం లెక్క."
అంటూనే బొటనవేలితో పట్టీని తెంపాడు.
టిక్కుమని ఒక చప్పుడు.
ఇంతేనా, అనిపించింది.

వాసన కొత్తగానే ఉంది.
అడుగున మాత్రం చెంచాడు మడ్డి.
రెండు ఖాళీ నీళ్ళ సీసాలు అడిగాను.
పైన తేరిన నూనెను
ఆ సీసాలో కొంచెం, ఈ సీసాలో కొంచెం,
గీత గీతకూ వంగి చూస్తూ
పాలు కొలిచినట్టు కొలిచాడు.
ఎందుకని అడగలేదు.

చిలకలగూడలో జయశీల వాళ్ళ గేటు
అప్పట్లోనే కీచుమనేది.
పొద్దున ఆ చప్పుడు వినబడగానే
నేను వెనక సీట్లోకి జరిగేదాన్ని.
ఇప్పుడు గేటు మార్చారో, ఇల్లే మార్చారో.

సీసా మూత ఒకటి సరిగ్గా పడలేదు.
సంచి అడుగున మరక పెద్దదవుతోంది.
ఆటో అతను రెండోసారి అడుగుతున్నాడు
ఎక్కడికని.